విదేశీ చదువుకు ఉపకార వేతనం: గడువు దాటాక తెలిసి ఏమి లాభం?

సంపాదకుల వారికి నమస్కారములు.

ఏటా జూన్, జూలై నెలలు రాగానే మన పత్రికల విద్యా పుటలు విదేశీ చదువుల సమాచారంతో నిండిపోతాయి. ఏ దేశంలో ఏ కోర్సుకు గిరాకీ ఉన్నదో, వీసా ఇంటర్వ్యూలో ఏమి అడుగుతారో, బ్యాంకు రుణానికి ఏ పత్రాలు కావాలో వివరించే వ్యాసాలు వరుసగా వస్తాయి. అదే పుటలో ఒక మూలన, ఫలానా దేశపు ఉపకార వేతనానికి దరఖాస్తు గడువు మరో పది రోజుల్లో ముగుస్తుందని చిన్న వార్త కనిపిస్తుంది. అధ్యాపకుల నుంచి రెండు సిఫారసు లేఖలు, ఆంగ్ల భాషా పరీక్ష ఫలితం, మూడు నాలుగు వ్యాసాలు, కొన్నిచోట్ల విశ్వవిద్యాలయ ప్రవేశపత్రం కూడా జత చేయవలసిన దరఖాస్తును, ఆ వార్త చదివిన రోజున మొదలుపెట్టి పది రోజుల్లో పూర్తి చేయగల విద్యార్థి మన జిల్లా కేంద్రాల్లో గాని, మండల కేంద్రాల్లో గాని దాదాపు ఉండడు. విదేశాల్లో చదువుకు ఉపకార వేతనాలు లేక కాదు, వాటి తేదీలు మన పిల్లలకు సకాలంలో చేరక అవి చేజారుతున్నాయని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చాలా కాలం పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిని. సిఫారసు లేఖల కోసం పాత విద్యార్థులు, వారి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. లేఖ చేతిలో పెట్టుకొని వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "సార్, స్కాలర్‌షిప్ ఏమైనా వస్తుందా?" అని అడుగుతారు. అప్పటికి ప్రవేశం ఖాయమై ఉంటుంది, డిపాజిట్ కట్టేసి ఉంటారు, తండ్రి బ్యాంకులో పొలం పత్రాలు పెట్టి ఉంటాడు. అంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోయాక అడుగుతున్న ప్రశ్న అది. ఆ ప్రశ్న వారి నోట ఏడాదిన్నర ముందు రావాలి. రాకపోవడానికి కారణం వారి అశ్రద్ధ కాదు, ముందుగా చెప్పే మనిషి వారి చుట్టుపక్కల లేకపోవడం.

తేదీల సంగతి ఎంత ముఖ్యమో కొన్ని ఉదాహరణలతో చెబుతాను. అమెరికాలో మాస్టర్స్ చదువుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌కు సాధారణంగా మే నెలలో గడువు ముగుస్తుంది. ఎంపికైనవారు బయలుదేరేది మరుసటి సంవత్సరం ఆగస్టు ప్రాంతంలో. నడుమ పదిహేను నెలలు. దానికి కనీసం మూడేళ్ల ఉద్యోగానుభవం కావాలి, పైగా ప్రజారోగ్యం, పర్యావరణం, పట్టణ ప్రణాళిక, ప్రభుత్వ పాలన వంటి కొన్ని రంగాలకే అది పరిమితం. మన పిల్లలు ఎక్కువగా ఎంచుకొనే కంప్యూటర్ సైన్స్ దాని పరిధిలో లేదు. బ్రిటన్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు అటువంటి రంగాల హద్దు లేదు గాని, రెండేళ్ల పని అనుభవం, అంటే 2,800 గంటలు, చూపించాలి. దాని దరఖాస్తు ఆగస్టులో తెరుచుకొని అక్టోబరు ప్రాంతంలో మూసుకుంటుంది. ఈ రెండింటిలోనూ చదువు ముగించినవారు స్వదేశానికి తిరిగివచ్చి కనీసం రెండేళ్లు ఉండాలన్న షరతు ఉన్నది. అక్కడే ఉద్యోగం చేసి అప్పు తీర్చాలనుకొనే కుటుంబానికి ఈ షరతు అడ్డుగా కనిపించవచ్చు. కానీ ఈ రెండూ చదువు ఖర్చును, నివాసపు ఖర్చును, ప్రయాణపు ఖర్చును భరించేవి కాబట్టి తీర్చవలసిన అప్పు ఉండదు. ఈ మాట ఎవరైనా కూర్చోబెట్టి చెబితే తప్ప తల్లిదండ్రులకు తట్టదు.

పని అనుభవం లేని తాజా పట్టభద్రులకు తలుపులు మూసుకుపోలేదు. ఐరోపా సమాఖ్య ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ ఉమ్మడి మాస్టర్స్ ఉపకార వేతనం గురించి మన తెలుగు జిల్లాల్లో ఇంకా చాలా ఎక్కువ మందికి తెలియాలని నా కోరిక. కనీసం రెండు దేశాల విశ్వవిద్యాలయాల్లో చదివే కోర్సు అది. ఎంపికైనవారికి ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోల చొప్పున గరిష్ఠంగా 24 నెలల పాటు ఇస్తారు. మన డబ్బులో అది నెలకు లక్షా పాతిక వేలకు పైమాటే. ప్రయాణం, వీసా, తిండి, వసతి అన్నీ అందులోనే చూసుకోవాలి, అయినా పొదుపుగా ఉండే విద్యార్థికి అది చాలుతుంది. ప్రతి కోర్సుకూ విడిగా దరఖాస్తు చేయాలి. వాటిలో చాలావాటికి గడువు అక్టోబరుకూ జనవరికీ మధ్య పడుతుంది. ఫ్రాన్స్ ప్రభుత్వపు ఐఫెల్ ఉపకార వేతనానిది ఇంకో పద్ధతి. దానికి విద్యార్థి నేరుగా దరఖాస్తు చేయలేడు. ప్రవేశం కోరుకున్న ఫ్రెంచి విద్యాసంస్థే అతని పేరును జనవరిలో పంపాలి. అంటే అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఆ సంస్థకు రాసి, తన పేరు పంపుతారా అని అడిగి ఉండాలి. జనవరిలో ప్రకటన చూసినవాడికి అందులో చేయగలిగింది ఏమీ లేదు.

ఇంటర్మీడియట్ ముగించినవారికి జపాన్ ప్రభుత్వపు మెక్స్‌ట్ స్కాలర్‌షిప్ ఉన్నది. ఒక సంవత్సరం జపనీస్ భాష నేర్పి, ఆపైన డిగ్రీ చదివిస్తారు. ఫీజు ఉండదు, నెలకు లక్ష యెన్లకు పైగా ఇస్తారు. రాతపరీక్ష ఉంటుంది. గణితం, సైన్సు ఇంత గట్టిగా చదివే మన ఎంపీసీ పిల్లలకు ఇది సహజంగా అందవలసిన అవకాశం. మన రెండు రాష్ట్రాలూ చెన్నైలోని జపాన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. జేఈఈ, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకుల కోసం రెండేళ్లు పిల్లలను పుస్తకాల ముందు నుంచి లేవనివ్వని కార్పొరేట్ కళాశాలలు ఈ పరీక్ష పేరైనా ఎందుకు చెప్పవో నాకు అర్థం కాదు.

ఇక అమెరికా. 2023-24 విద్యా సంవత్సరంలో అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది అని ఓపెన్ డోర్స్ నివేదిక చెప్పింది. అందులో తెలుగువారు ఎందరు ఉంటారో మన ఊళ్లలో ఏ వీధిని చూసినా ఊహించవచ్చు. అయితే మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఎంఎస్‌కు. అమెరికా విశ్వవిద్యాలయాలు ఎక్కువగా డబ్బిచ్చేది పీహెచ్‌డీకి. ఈ ఒక్క తేడా తెలియక ఎన్నో కుటుంబాలు లేని ఆశ పెట్టుకుంటున్నాయి. సైన్సు, ఇంజనీరింగు రంగాల్లో పీహెచ్‌డీ సీటు వచ్చినవారికి సాధారణంగా ఫీజు మాఫీతో పాటు, బోధనలోనో పరిశోధనలోనో సహాయకుడిగా పనిచేసినందుకు నెలనెలా భత్యం కూడా వస్తుంది. ఎంఎస్‌లోనూ సహాయకుల కొలువులు లేకపోలేదు. అవి తక్కువ, అందులోనూ పరిశోధనా వ్యాసం రాయవలసిన ఎంఎస్‌లలో దొరికే అవకాశం ఎక్కువ, కేవలం తరగతులు ముగించి పట్టా తీసుకొనే కోర్సుల్లో చాలా తక్కువ. ఏ కోర్సులో సహాయకుల కొలువులు ఇవ్వరో ఆ విభాగమే తన ప్రవేశ సమాచారంలో రాస్తుంది. దరఖాస్తు రుసుము కట్టకముందే ఆ వాక్యం చదవాలి.

కెనడాలో కూడా ఇదే తీరు. పరిశోధనతో కూడిన మాస్టర్స్‌కు పర్యవేక్షకుడిగా ఉండే ఆచార్యుడే తన పరిశోధన నిధుల నుంచి విద్యార్థికి భత్యం ఇస్తాడు. అందువల్ల దరఖాస్తు చేయకముందే ఆ ఆచార్యుడికి ఉత్తరం రాయాలి. "మీ పరిశోధన అంటే నాకు ఎంతో ఆసక్తి" అని యాభై మందికి ఒకే ఉత్తరం పంపడం వల్ల ప్రయోజనం లేదు. ఆయన ఈమధ్య ప్రచురించిన ఒక పత్రాన్ని చదివి, అందులో తనకు కలిగిన ఒక సందేహాన్ని, తాను డిగ్రీ ప్రాజెక్టులో చేసిన పనితో దానికి ఉన్న సంబంధాన్ని నాలుగు వాక్యాల్లో రాస్తే, పది మందిలో ఒకరైనా జవాబిస్తారు. బీటెక్ చదువుతూ ఉండగానే వేసవిలో పన్నెండు వారాలు కెనడా ప్రయోగశాలల్లో పనిచేసే మైటాక్స్ గ్లోబలింక్ ఇంటర్న్‌షిప్, జర్మనీలో డాడ్ (DAAD) అనే విద్యా వినిమయ సంస్థ భారతీయ విద్యార్థుల కోసం నడిపే వైజ్ ఇంటర్న్‌షిప్ ఇటువంటి పరిచయాలకు దారి చూపుతాయి. మూడో సంవత్సరం విద్యార్థి వేసవిలో అక్కడ ఉండాలంటే, అంతకుముందు శరదృతువులోనే దరఖాస్తు చేసి ఉండాలి.

ఉపకార వేతనం అన్న పేరుతో వచ్చేదంతా ఉపకార వేతనం కాదన్న విషయం మీద కొంచెం ఎక్కువ రాయవలసి ఉన్నది. కిందటి సంవత్సరం ఒక రైతు తన కుమార్తెకు అమెరికాలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం పంపిన ప్రవేశపత్రాన్ని పట్టుకొని నా దగ్గరకు వచ్చారు. సంవత్సరానికి పది వేల డాలర్ల మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తున్నట్టు అందులో పెద్ద అక్షరాలతో ఉన్నది, కన్సల్టెన్సీ వారు అమ్మాయికి శాలువా కప్పి ఫొటో కూడా తీశారు. పత్రం రెండో పేజీలో ఆ విశ్వవిద్యాలయపు ఫీజు 34 వేల డాలర్లు. పది వేలు తీసివేస్తే 24 వేలు. అదే అమ్మాయికి మరో రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయం నుంచి, ఏ స్కాలర్‌షిప్పూ లేకుండా వచ్చిన ప్రవేశపత్రంలో ఫీజు 17 వేలు. అది ఫైలు అడుగున ఉండిపోయింది. పైగా పది వేల డాలర్ల రాయితీ రెండో సంవత్సరం కొనసాగాలంటే గ్రేడు సగటు 3.5కు తగ్గకూడదని కింద చిన్న అక్షరాల్లో ఉన్నది. ఆ తండ్రి రెండు కాగితాలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు, "ఇది ఎవరూ చెప్పలేదండీ" అన్నారు. చెప్పవలసిన వాళ్లకు విశ్వవిద్యాలయాల నుంచి విద్యార్థి తలకు ఇంత అని కమిషను ముడుతుంది. రెండో కాగితానికి ఆ కమిషను లేదు. అందరు కన్సల్టెంట్లూ ఇలాగే చేస్తారని నేను అనను, కానీ వారి ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో ప్రతి తల్లీ తండ్రీ నేరుగా అడిగి తెలుసుకోవాలి. రాయితీ ఎంత అన్నది ముఖ్యం కాదు; రాయితీ పోను మన జేబులోంచి కట్టేది ఎంత, అది ఎన్ని సంవత్సరాలు, ఏ షరతు మీద అన్నవి ముఖ్యం.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికాకు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లిన విద్యార్థి తరగతులు జరిగే కాలంలో విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయడానికి వీలులేదు. అనుమతి లేకుండా బయట పనిచేస్తే వీసా హోదాకే ముప్పు. స్కాలర్‌షిప్ రాకపోయినా పార్ట్‌టైమ్ పనులతో నెట్టుకు రావచ్చని లెక్క వేసి అప్పు చేసే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకొని లెక్క వేయాలి.

డిగ్రీ చదువుకే అమెరికా వెళ్లాలనుకొనే ఇంటర్ విద్యార్థుల విషయం వేరు. అక్కడి కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సహాయం విదేశీయులకు దొరకదు. కానీ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బౌడిన్ వంటి కొన్ని విద్యాసంస్థలు, విదేశీ విద్యార్థికి ఎంత డబ్బు అవసరమో చూడకుండానే ప్రవేశం నిర్ణయించి, ఆ తర్వాత కుటుంబ ఆదాయాన్ని బట్టి లోటు మొత్తాన్ని తామే భరిస్తాయి. పోటీ విపరీతమైనదే. కెంటకీ రాష్ట్రంలోని బెరియా కళాశాల ఏ విద్యార్థి దగ్గరా బోధన రుసుము తీసుకోదు. బదులుగా ప్రతి విద్యార్థీ కళాశాలలో వారానికి కనీసం పది గంటలు పనిచేయాలి. ఇటువంటి చోట్ల కుటుంబ ఆదాయ వివరాలు రాయవలసిన సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే దరఖాస్తు గానీ, అటువంటి మరో పత్రం గానీ ఉంటుంది. వ్యవసాయ ఆదాయం, కౌలు, ఉమ్మడి కుటుంబపు ఆస్తి వంటివి ఆ పత్రంలోని గడుల్లో ఇమడవు. అటువంటప్పుడు ఒక పేజీ వివరణ విడిగా రాసి జత చేయడం మంచిది. దరఖాస్తు రుసుము కట్టలేనివారు మాఫీ కోరవచ్చు. అది అడగడం నామోషీ అని మనవాళ్లు అనుకుంటారు గానీ, అక్కడ అది మామూలు విషయం.

జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు బోధన రుసుము లేకపోవడమే ఒక పెద్ద ఉపకార వేతనం. అయితే ఆ మాట ఇప్పుడు అంతటా నిజం కాదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024 నుంచి ఫీజు మొదలుపెట్టింది. ఫీజు లేని చోట కూడా వీసాకు ముందు, ఏడాది ఖర్చుల కింద 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో ముందుగా జమ చేయాలన్న నిబంధన 2024 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్నది. ఈ మొత్తం కోసం అధిక వడ్డీకి తెచ్చినవారు నాకు తెలుసు.

మన ప్రభుత్వాల సంగతికి వస్తే, పథకాలు ఉన్నాయి, అవి నిజంగా గొప్పవి కూడా. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిర్వహించే జాతీయ విదేశీ ఉపకార వేతనం 1950ల నుంచి నడుస్తున్నది. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ వృత్తికారుల కుటుంబాలవారికి ఏటా 125 మందికి మాస్టర్స్, పీహెచ్‌డీలకు ఇస్తారు. అందులో 30 శాతం మహిళలకు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షలకు మించకూడదు, వయసు 35 ఏళ్ల లోపు ఉండాలి. ఫీజు పూర్తిగా కట్టి, జీవన వ్యయానికి బ్రిటన్‌లో ఏటా 9,900 పౌండ్లు, అమెరికా తదితర దేశాల్లో 15,400 డాలర్లు ఇస్తారు. గిరిజన వ్యవహారాల శాఖ ఎస్టీ విద్యార్థులకు విడిగా 20 మందికి ఇస్తుంది. మొదటి పథకానికి, ప్రపంచ విశ్వవిద్యాలయాలకు క్యూఎస్ సంస్థ ఇచ్చే ర్యాంకుల్లో తొలి 500 లోపు ఉన్న సంస్థ నుంచి షరతులు లేని ప్రవేశపత్రం చేతిలో ఉండాలి. అంటే దరఖాస్తుల ప్రకటన వచ్చే నాటికే ప్రవేశం వచ్చి ఉండాలి. ముందు సంవత్సరం శరదృతువులోనే విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసినవాడికే అది సాధ్యం. ఆ దరఖాస్తుల ఖర్చు, జీఆర్‌ఈ, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ పరీక్షల ఖర్చు, ఉపకార వేతనం వస్తుందో రాదో తెలియని దశలో, కూలి పని చేసే కుటుంబం పెట్టుకోవాలి. పథకం ఎవరి కోసం పెట్టారో వారికి మొదటి మెట్టే ఎత్తుగా ఉన్నది.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ విదేశీ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరిట పథకం ఉన్నాయి. 20 లక్షల రూపాయల వరకు సాయం, ఒకవైపు విమాన ఛార్జీ ఇస్తారు. దరఖాస్తు ప్రభుత్వపు ఈపాస్ వెబ్‌సైటు ద్వారా. ఆంధ్రప్రదేశ్‌లో పథకం పేరు, మొత్తం, నిబంధనలు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి. 2022లో ప్రపంచ ర్యాంకుల్లో తొలి 200 విశ్వవిద్యాలయాలకు ముడిపెట్టారు. ఈ మార్పుల మధ్య చదువు మొదలుపెట్టిన విద్యార్థుల ఇళ్లలో పడిన ఆందోళన చిన్నది కాదు. ఏ ప్రభుత్వం వచ్చినా, ఒకసారి మంజూరైన విద్యార్థికి కోర్సు పూర్తయ్యే వరకు పాత నిబంధనలే వర్తిస్తాయని చట్టబద్ధమైన హామీ ఉండాలి.

తెలంగాణ పథకంలో ఒక లోపాన్ని అధికారుల దృష్టికి తేదలచుకున్నాను. సాయం రెండు విడతల్లో వస్తుంది. మొదటి సగం విద్యార్థి అక్కడ దిగి, ఆ దేశంలో ప్రవేశించినట్టు రుజువు పంపిన తర్వాత, రెండో సగం మొదటి సెమిస్టరు ఫలితాలు చూపిన తర్వాత. వీసా ఇంటర్వ్యూకు మాత్రం మొదటి ఏడాది డబ్బు ముందే చూపించాలి. కాబట్టి ప్రభుత్వ సాయానికి అర్హత ఉన్న పేద విద్యార్థి కూడా ముందు అప్పు చేసి తీరాలి. ఆస్తి లేనివాడికి ఆ అప్పు పుట్టదు. దీనికి కొత్త నిధులు అక్కరలేదు. ప్రవేశపత్రం చూసిన వెంటనే ఎంపిక జరిపి, వీసాకు ముందే మంజూరు పత్రం ఇచ్చి, మొదటి విడత ఫీజును నేరుగా విశ్వవిద్యాలయానికే పంపే ఏర్పాటు చేస్తే చాలు. ఆ పత్రం చూపిస్తే బ్యాంకులు కూడా మిగిలిన మొత్తానికి హామీ లేకుండా రుణం ఇచ్చే విషయం ఆలోచిస్తాయి. మార్చిలో ఒక నోటిఫికేషన్, సెప్టెంబరులో మరొకటి ఏటా తప్పకుండా వస్తాయని ముందే ప్రకటిస్తే పిల్లలు తమ చదువును దానికి తగ్గట్టు అమర్చుకుంటారు.

విదేశీ విద్యకు ఊతమివ్వడం మనకు కొత్త కాదు. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు ఇచ్చిన ఉపకార వేతనంతోనే 1913లో అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. మన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ వెళ్లడానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయపడింది. ఆ సాయం చాలక ఆయన అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట పనిచేస్తూ చదువుకున్నారు. ఓడరేవు వ్యాపారంలో సంపాదించిన ఒక మనిషి విడిచి వెళ్లిన ధర్మం, ప్రపంచ వైద్యానికి ఎంతో ఇచ్చిన ఒక శాస్త్రవేత్తను ఓడ ఎక్కించింది. 1892లో మొదలైన జె.ఎన్. టాటా ఎండోమెంటు ఈనాటికీ విదేశీ చదువులకు రుణ స్కాలర్‌షిప్పులు ఇస్తూనే ఉన్నది. ఇప్పుడు మన జిల్లాల్లో ఇంతకంటే ధనవంతులు ఉన్నారు, అమెరికాలో మన తెలుగు సంఘాలు ఉన్నాయి. గుడి ప్రాకారాలకు, సభలకు ఇచ్చే దాంట్లో కొంత తీసి, ప్రతిభ గల పేద విద్యార్థుల పరీక్ష ఫీజులకు, దరఖాస్తు రుసుములకు వెచ్చిస్తే, ఒక్కొక్కరికి లక్ష రూపాయలు కూడా కాదు, మొదట నేను చెప్పిన ఎత్తు మెట్టు దిగివస్తుంది. పెద్ద మొత్తం ఇచ్చే సంస్థలు ప్రపంచంలో ఉన్నాయి. వాటి గుమ్మం దాకా చేర్చే చిన్న మొత్తమే దొరకడం లేదు.

అధ్యాపక మిత్రులకు కూడా ఒక విన్నపం. విద్యార్థే రాసుకొచ్చిన సిఫారసు లేఖ మీద సంతకం పెట్టి పంపించే అలవాటు మన కళాశాలల్లో పాతుకుపోయింది. "క్రమశిక్షణ గలవాడు, కష్టపడి చదివేవాడు, మంచి నడవడి గలవాడు" అని ఒకే వాక్యాలతో ఒకే కళాశాల నుంచి ఇరవై లేఖలు వెళితే, చదివే ఎంపిక సంఘానికి అవి ఏమీ చెప్పవు. ఫలానా విద్యార్థిని రెండో సంవత్సరం రసాయనశాస్త్ర ప్రయోగంలో ఫలితం తప్పు వస్తే నీటి స్వచ్ఛతను అనుమానించి, ఊరి చెరువు నీటితోనూ బావి నీటితోనూ మళ్లీ చేసి చూపించిందని మూడు వాక్యాలు రాస్తే ఆ అమ్మాయి వారి కళ్ల ముందు నిలబడుతుంది. వ్యాసాల విషయమూ అంతే. డబ్బిచ్చి రాయించుకున్న వ్యాసంలో చిన్ననాటి నుంచి కంప్యూటర్ మీద మక్కువ ఉన్నదనే మాటే అందరిదీ. తాను ఏ ఊరి నుంచి వచ్చిందీ, అక్కడ ఏ సమస్యను చూసిందీ, ఈ చదువుతో దానికి ఏమి చేయదలచిందీ విద్యార్థి తన మాటల్లో రాస్తే, భాషలో చిన్న లోపాలున్నా విలువ ఎక్కువ. చీవెనింగ్ వంటివి నాయకత్వం గురించి, తిరిగి వచ్చాక చేసే పని గురించి ప్రత్యేకంగా అడుగుతాయి. ఎన్ఎస్ఎస్ శిబిరంలో రక్తదాతల పట్టిక తయారుచేసిన విద్యార్థికి చెప్పుకోదగిన మాట ఉన్నది. అది చెప్పుకోవచ్చని అతనికి తెలియదు, అంతే.

మోసాల గురించి కూడా హెచ్చరించక తప్పదు. మీరు ఎంపికయ్యారు, డబ్బు విడుదలకు ప్రాసెసింగ్ ఫీజు పంపండి అని వచ్చే సందేశం ఏదైనా మోసమే. విశ్వవిద్యాలయాలు దరఖాస్తు రుసుము తీసుకుంటాయి, అది వేరు; ఇచ్చే డబ్బును విడుదల చేయడానికి ముందుగా డబ్బు అడిగే ఉపకార వేతనం లేదు. ఫుల్‌బ్రైట్, చీవెనింగ్ వంటివాటికి దరఖాస్తు ఉచితం. ఎంపిక చేయించి పెడతామని దళారులు అడిగే సొమ్ముకు అర్థం లేదు.

మీ పత్రికకు నా విజ్ఞప్తి ఒక్కటే. ఉపకార వేతనాల వార్తలను గడువు ముగిసే వారంలో కాక, దరఖాస్తు తెరుచుకోవడానికి మూడు నెలల ముందు ప్రచురించండి. ప్రతి నెలా మొదటి ఆదివారం విద్యా పుటలో, రానున్న ఆరు నెలల్లో ఏ దేశపు ఏ ఉపకార వేతనానికి తలుపులు తెరుచుకుంటాయో, ఏ అర్హత కావాలో, ఏ పత్రాలు ఇప్పటినుంచే సిద్ధం చేసుకోవాలో పావు పేజీ పట్టికగా వేయండి. దానిని కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించే పని కళాశాల గ్రంథపాలకులు సంతోషంగా చేస్తారు. కళాశాల విద్యా కమిషనర్లు ప్రతి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఒక అధ్యాపకుడికి ఈ బాధ్యత అప్పగించి, రెండో సంవత్సరం విద్యార్థులతో ఆగస్టులోనే ఒక సమావేశం జరిపించాలి. చివరి సంవత్సరం దాకా ఆగితే చాలా ఆలస్యం. ఆ పట్టికలోని తేదీలను ఆయా సంస్థల అధికారిక ప్రకటనలతో నెలనెలా సరిచూసి మీకు పంపే పనిని మా పట్టణంలోని కొందరు విశ్రాంత అధ్యాపకులం ఏ ప్రతిఫలమూ లేకుండా చేయడానికి సిద్ధంగా ఉన్నాము. మీరు అంగీకరిస్తే, వచ్చే నెల పట్టికను ఇరవయ్యో తేదీలోగా మీ కార్యాలయానికి చేర్చగలము.

ఇట్లు,
విశ్రాంత ప్రభుత్వ డిగ్రీ కళాశాల అధ్యాపకుడు,
కోదాడ, సూర్యాపేట జిల్లా.